ఇంట్ల పోతే కళ్లే తీసుకున్నరు, కిడ్నీలు ఎందుకు వద్దన్నరు?

విభాగం: ఆరోగ్యం / అవయవదానం

ఉప్పల్‌వాలా
గురువారం, రాత్రి 9:12

అందరికి నమస్తే. మా పెద్దబాపు మొన్న ఇంట్లనే పోయిండు. తెల్లారుజామున మూడింటికి లేచి మంచినీళ్లు అడిగిండట. ఐదున్నరకు పెద్దమ్మ చాయ్ తాగుమని లేపబోతే లేవలే. ఆయన జేబుల అవయవదానం కార్డు ఎప్పుడూ ఉండేది, వచ్చినోళ్లందరికి చూపెట్టేటోడు. అందుకే మా అన్న ఏడుసుకుంటనే ఫోన్లు చేసిండు. ఐ బ్యాంకోళ్లు జల్దీనే వచ్చిన్రు, మస్తు మర్యాదగ మాట్లాడిన్రు, కళ్లు తీసుకొని పోయిన్రు. కిడ్నీలు, లివర్ సంగతి అడిగితే ఇంట్ల చనిపోయినోళ్లవి పనికిరావన్నరు.

దినాలకు వచ్చిన చుట్టాలు కార్డు ఉత్తదే అని ఒకటే ముచ్చట. పెద్దమ్మ ఏమో ఆయన మాట సగమే నిలబెట్టినం అని బాధపడుతున్నది.

నాకు అర్థం కానిది ఇది. గుండె ఆగి రెండు గంటలు కూడ అయి ఉండదు. అంతల్నే కిడ్నీ ఎట్ల పాడైతది? మరి గుండెను డబ్బాల పెట్టి మెట్రోల తీస్కపోతరు గద, ఆ టైంల దానికి రక్తం ఎక్కడిది? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుర్రి.

రాత్రిడ్యూటీ
గురువారం, రాత్రి 10:40

మీ పెద్దనాన్నగారి గురించి విని బాధగా ఉంది. నేను ఐసీయూలో పనిచేసే మత్తు డాక్టర్ని, ఇలాంటి ప్రశ్నలు మాకు రోజూ వస్తాయి. ముందు మీ పెద్దమ్మగారికి ఈ మాట చెప్పండి: ఇంట్లో ప్రాణం పోయిన మనిషి ఇవ్వగలిగిన వాటిలో అన్నింటికంటే విలువైనది ఆయన ఇచ్చి వెళ్లారు.

ఇక విషయానికి వస్తే, కళ్ల దానం అంటే అసలు వాడేది కార్నియా. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర. దానిలో రక్తనాళాలు ఉండవు. ఉంటే చూపుకు అడ్డం పడేవి. దానికి ప్రాణవాయువు బయటి గాలి నుంచి కన్నీటి పొరలో కరిగి అందుతుంది, ఆహారం కంటి లోపలి ద్రవం నుంచి అందుతుంది. అందుకే గుండె ఆగిన వెంటనే దానికి దెబ్బ తగలదు. ఆరు గంటల లోపు తీస్తే చాలు. తీశాక ఎంకే మీడియం అనే ద్రావణంలో ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల దాకా ఉంచుతారు. ఇంకా ఖరీదైన ద్రావణాలైతే పద్నాలుగు రోజుల దాకా ఆగొచ్చు.

కిడ్నీ సంగతి పూర్తిగా వేరు. గుండె నిమిషానికి పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు ఆ రెండు కిడ్నీలకే పోతుంది. అంత రక్తం మీద బతికే అవయవానికి, శరీరం 37 డిగ్రీల వేడిలో ఉండగా రక్తం ఆగిపోతే నిమిషాల్లోనే నష్టం మొదలవుతుంది. అరగంట దాటితే అనుమానం, గంట దాటితే చాలామంది సర్జన్లు వద్దంటారు. గుండె కండరమైతే ఇరవై నిమిషాలు దాటిన దగ్గర్నుంచి చచ్చిపోవడం మొదలవుతుంది. మెదడుకు నాలుగైదు నిమిషాలే.

మెట్రోలో వెళ్లే గుండెకు కూడా రక్తం లేదు, నిజమే. కానీ అది చల్లగా ఉంటుంది. తేడా అంతా అక్కడే ఉంది. రక్తం లేకుండా వెచ్చగా ఉన్న సమయాన్ని వార్మ్ ఇస్కీమియా అంటాం, చల్లగా ఉన్న సమయాన్ని కోల్డ్ ఇస్కీమియా అంటాం. మొదటిది నిమిషాల్లో లెక్క, రెండోది గంటల్లో లెక్క. మీ పెద్దనాన్నగారి విషయంలో ఆ రెండు గంటలూ పూర్తిగా మొదటి రకం.

బయాలజీ_మేడం
గురువారం, రాత్రి 11:05

వనస్థలిపురంలో ఉంటాను, ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. డాక్టరు గారు చెప్పిన దానికి లోపలి కథ కొంచెం కలుపుతాను.

ప్రతి కణం పొరలోనూ సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి తోసే పంపులు ఉంటాయి. అవి నడవడానికి ఏటీపీ, అంటే కణానికి ఇంధనం, కావాలి. ఏటీపీ దండిగా తయారవ్వాలంటే ఆక్సిజన్ కావాలి. మన అపార్టుమెంట్ల సెల్లార్‌లో ఊట నీళ్లు తోడే మోటారు ఉంటుంది కదా, వానాకాలం కరెంటు పోతే ఏమవుతుందో ఊహించండి. కణంలోనూ అంతే. పంపు ఆగుతుంది, సోడియం లోపల చేరుతుంది, దాని వెంట నీళ్లు వస్తాయి, కణం ఉబ్బుతుంది.

ఈలోగా కణం ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజును విరగ్గొట్టుకుని ఎలాగో నెట్టుకొస్తుంది. దానివల్ల లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఆ తర్వాత కాల్షియం లోపలికి చొరబడుతుంది, కణాన్ని లోపలి నుంచే కొరికే ఎంజైములు లేస్తాయి. కొంత దూరం వరకు వెనక్కి రావచ్చు, ఆ గీత దాటాక రాలేదు. ఆ గీత ఒక్కో అవయవానికి ఒక్కో చోట ఉంటుంది.

చల్లబరిస్తే ఏమవుతుందంటే, ప్రతి పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా కణం ఖర్చు సుమారు సగానికి పడిపోతుంది. నాలుగు డిగ్రీల దగ్గర మామూలు ఖర్చులో పదో వంతు దాకానే ఉంటుంది. కణం తన దగ్గరున్న కొద్దిపాటి ఏటీపీతో ఎక్కువసేపు కాలం వెళ్లదీస్తుంది. ఆగిపోదు సుమా, నెమ్మదిస్తుంది. నష్టం చల్లగా ఉన్నప్పుడూ జరుగుతూనే ఉంటుంది.

నాగోల్_టు_రాయదుర్గం
శుక్రవారం, ఉదయం 7:30

మెట్రో మాట వచ్చింది కాబట్టి. 2021 ఫిబ్రవరి 2న నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా గుండెను మెట్రోలో తెచ్చారు. 21 కిలోమీటర్లు, అరగంట లోపే. 2025 జనవరి 17 రాత్రి ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్ దాకా 13 స్టేషన్లు, 13 కిలోమీటర్లు, 13 నిమిషాల్లో. దారిలో ఎక్కడా ఆపలేదు. ఎల్బీనగర్ నుంచి సాయంత్రం పూట దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా కారులో వచ్చినవాళ్లకు ఆ 13 నిమిషాల విలువ ఏంటో చెప్పక్కర్లేదు.

నా ప్రశ్న ఏంటంటే, చల్లగా ఉంటే గంటలు ఆగుతుందంటున్నారు కదా, మరి ఇంత హడావుడి ఎందుకు?

రాత్రిడ్యూటీ
శుక్రవారం, మధ్యాహ్నం 2:15

ఎందుకంటే గుండెకు ఉన్నది మొత్తం నాలుగు గంటలే. మహా అయితే ఆరు. అందులో ప్రయాణం ఒక భాగం మాత్రమే. దాత శరీరంలో మహాధమనికి క్లాంప్, అంటే రక్తం ఆపే పటకారు, వేసిన క్షణం నుంచి, గ్రహీత ఛాతీలో కుట్లు పూర్తయి క్లాంప్ తీసేదాకా లెక్క. బయటికి తీయడం, పరీక్షగా చూడడం, ప్యాక్ చేయడం, ప్రయాణం, అవతల కుట్టడం, అన్నీ ఆ నాలుగు గంటల్లోనే. కుట్టడానికే గంట దాకా పడుతుంది. ఇక రోడ్డు మీద గంటన్నర పోతే ఏం మిగులుతుంది? ట్రాఫిక్ పోలీసులు గ్రీన్ ఛానెల్ ఇచ్చేది, వేరే ఊరి నుంచి వస్తే బేగంపేటలో విమానం దించేది అందుకే.

ఊపిరితిత్తులకు ఆరు నుంచి ఎనిమిది గంటలు. వాటిని గాలి నింపి తీసుకొస్తారు. లోపలున్న ఆక్సిజన్‌ను ఆ కణాలు నేరుగా వాడుకోగలవు, మరే అవయవానికీ ఆ వెసులుబాటు లేదు. లివర్‌కు పన్నెండు గంటల లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది. కిడ్నీ ఒక్కటే ఓపిక గలది, ఇరవై నాలుగు గంటలు, అవసరమైతే ఇంకొంచెం.

ఇంకో సంగతి. చాలామంది డబ్బాలో ఐసు మీద గుండె పెట్టి తెస్తారనుకుంటారు. ఐసు నేరుగా తగిలితే కణజాలం గడ్డకట్టి దెబ్బతింటుంది. అందుకే మూడు సంచులు. మొదటి దాంట్లో ద్రావణంలో మునిగిన అవయవం, దాని చుట్టూ చల్లటి ద్రవం ఉన్న సంచి, ఆ పైన ఇంకోటి, అప్పుడు ఐసు పెట్టె. అంతకంటే ముందే, తీసేటప్పుడే, రక్తనాళాల్లోకి చల్లటి ద్రావణం ఎక్కించి లోపలి రక్తమంతా కడిగేస్తారు. పైన ఎంత ఐసు పోసినా లోపల వెచ్చటి రక్తం నిలిచి ఉంటే లాభం లేదు.

బయాలజీ_మేడం
శుక్రవారం, సాయంత్రం 4:50

ఆ ద్రావణం గురించి ఒక్క మాట. 1980ల చివర్లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బెల్జర్, సదర్డ్ అనే ఇద్దరు ఒక ద్రావణం తయారు చేశారు. యూడబ్ల్యూ సొల్యూషన్ అంటారు. చల్లబడ్డ కణం ఉబ్బకుండా ఉండాలంటే, కణంలోకి దూరలేని పెద్ద అణువులు బయట ఉండాలి. అప్పుడు నీళ్లు బయటే ఆగుతాయి. అందుకోసం లాక్టోబయోనేట్, రాఫినోజ్ వేశారు. పొటాషియం కూడా కణం లోపల ఉన్నంత ఎక్కువగా పెట్టారు. దానికి ముందు లివర్‌ను కొద్ది గంటలకు మించి నమ్మకంగా దాచలేకపోయేవారు. ఆ తర్వాత దూరం నుంచి లివర్ తేవడం సులువైంది. శస్త్రచికిత్స చేసినవాళ్ల పేర్లు అందరికీ తెలుసు, ఈ ఇద్దరి పేర్లు ఎవరూ తలచుకోరు. నాకు అది బాధగా ఉంటుంది.

మూసీగట్టు
శుక్రవారం, రాత్రి 8:22

నేను సూటిగా అడుగుతాను, ఎవరూ మరోలా అనుకోవద్దు. రెండేళ్ల కింద మా బావమరిదికి బండి మీద యాక్సిడెంట్ అయింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉంచాం. వెంటిలేటర్ మీద ఉండగానే ఒకాయన వచ్చి అవయవాలు ఇస్తారా అని అడిగాడు. పిల్లవాడి ఛాతీ లేస్తోంది, పడుతోంది. ఒళ్లు వెచ్చగా ఉంది. మానిటర్ మీద గుండె కొట్టుకుంటోంది. మా చెల్లె చేతిలో అతని చెయ్యి ఉంది. మేం కాదన్నాం.

ఇప్పుడు మీరు చెప్పేది వింటుంటే నా అనుమానం ఇంకా గట్టిపడుతోంది. రక్తం ఆగితే అవయవం పనికిరాదు కాబట్టి, రక్తం ఆగకముందే, అంటే మనిషి బతికుండగానే తీస్తున్నారన్నమాట. అంతేనా?

సమన్వయం
శుక్రవారం, రాత్రి 9:47

అన్నా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను కొన్నేళ్లు ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా పనిచేశాను. ఐసీయూ బయట మీ చెల్లెలి లాంటి వాళ్ల పక్కన కూర్చోవడమే నా పని. ఆ చెయ్యి వెచ్చగా ఉండటం ఎంత గట్టిగా మనసును పట్టుకుంటుందో నాకు తెలుసు.

మెదడు పూర్తిగా చనిపోయాక, ఊపిరిని నడిపే మెదడు కాండంతో సహా, ఆ మనిషి తిరిగి రావడం లేదు. దాన్నే బ్రెయిన్ డెత్ అంటారు. కోమా వేరు. కోమాలో మెదడు బతికే ఉంటుంది, తనంతట తాను ఊపిరి తీసుకునే అవకాశం ఉంటుంది. బ్రెయిన్ డెత్‌లో అది లేదు. ఛాతీ లేవడం వెంటిలేటర్ చేసే పని. గుండెకు మాత్రం సొంతంగా కొట్టుకునే ఏర్పాటు ఉంది, దానికి మెదడు ఆజ్ఞ అక్కర్లేదు. ఆక్సిజన్ అందినంతసేపు అది కొట్టుకుంటుంది. ఆ తర్వాత కొన్ని గంటల్లోనో, కొన్ని రోజుల్లోనో అదీ ఆగిపోతుంది. వెంటిలేటర్ ఉన్నా ఆగిపోతుంది.

మన దేశంలో 1994 చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు నిర్ధారించాలి. చికిత్స చేస్తున్న డాక్టరు, ఆసుపత్రి అధికారి, బయటి జాబితా నుంచి ఒక స్పెషలిస్టు, న్యూరాలజిస్టు లేదా న్యూరోసర్జన్. అవయవం మార్పిడి చేసే బృందంలోని వాళ్లెవరూ ఆ నలుగురిలో ఉండకూడదు. పరీక్షలు ఒకసారి చేసి, కనీసం ఆరు గంటలు ఆగి, మళ్లీ మొత్తం చేయాలి. మనిషి చనిపోయినట్టు రాసిన సమయం అదే. అవయవాలు తీసేది ఆ తర్వాత.

మీ దగ్గరికి వచ్చినతను ఇదంతా అయ్యాక వచ్చాడా, ముందే వచ్చాడా నాకు తెలియదు. ముందే వచ్చి ఉంటే అది చాలా అన్యాయం. చావు కబురు ఒకరు చెప్పాలి, ఆ ఇంటివాళ్లకు అది మనసుకెక్కాలి, ఆ తర్వాతే వేరే మనిషి దానం మాట ఎత్తాలి. రెండూ ఒకే ఊపిరిలో చెప్పకూడదు.

రాత్రిడ్యూటీ
శుక్రవారం, రాత్రి 11:30

మూసీగట్టు గారూ, ఆ పరీక్షల్లో ఒకటి మీకు చెప్పాలి. ఆప్నియా టెస్ట్. ముందు బాగా ఆక్సిజన్ ఇచ్చి, వెంటిలేటర్ తీసేస్తాం. ఊపిరి లేకపోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. బతికున్న మెదడు కాండం ఆ పెరుగుదలను భరించలేదు, ఊపిరి పీల్చమని తోస్తుంది. కార్బన్ డయాక్సైడ్ 60 దాటినా ఛాతీలో ఒక్క కదలిక కూడా లేకపోతే ఆ కేంద్రం చచ్చిపోయినట్టు. దీనికి ముందు కంటిపాపలకు వెలుతురు వేసి చూస్తాం, చెవిలో చల్లటి నీళ్లు పోస్తాం, గొంతులో గొట్టం కదిపి దగ్గు వస్తుందేమో చూస్తాం. మత్తుమందుల ప్రభావం ఉన్నా, ఒళ్లు మరీ చల్లబడి ఉన్నా, బీపీ పడిపోయి ఉన్నా ఈ పరీక్షలు చెల్లవు. ముందు వాటిని సరిచేయాలి. ఇంటివాళ్లు చూడాలనుకుంటే అడగొచ్చు. కొన్నిచోట్ల పక్కన నిలబడి చూడనిస్తారు. నేనైతే రమ్మనే చెబుతాను.

మూసీగట్టు
శనివారం, ఉదయం 6:58

ఇంత వివరం ఆ రోజు మాకు ఎవరూ చెప్పలేదు. వరండాలో నిలబెట్టి రెండు నిమిషాల్లో అడిగి వెళ్లిపోయారు. మీ ఇద్దరికీ థాంక్స్. మా చెల్లెకు ఇది చదివి వినిపిస్తాను. ఏమంటుందో తెలియదు.

రాత్రిడ్యూటీ
శనివారం, మధ్యాహ్నం 1:20

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బ్రెయిన్ డెత్ అయితే అవయవాలు క్షేమంగా ఉన్నట్టే అనుకోవద్దు. మెదడు చనిపోయే ఘడియల్లో ఒంట్లో అడ్రినలిన్ తుఫానులా లేస్తుంది. బీపీ ఒక్కసారిగా ఆకాశానికి వెళ్తుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఆ తర్వాత అంతా కుప్పకూలుతుంది, బీపీ పడిపోతుంది. మెదడు నుంచి రావాల్సిన హార్మోన్ ఆగిపోయి లీటర్ల కొద్దీ మూత్రం పోతుంది, ఒంట్లో నీళ్లు ఇంకిపోతాయి, సోడియం పెరుగుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది గానీ కిడ్నీకి చేరే రక్తం చాలదు. అదీ ఇస్కీమియానే. మానిటర్ మీద కనిపించని ఇస్కీమియా.

అందుకే అవయవాలు తీసేదాకా ఆ పన్నెండు, పద్దెనిమిది గంటలు ఒక నర్సు ఆ మంచం వదలకుండా పనిచేస్తుంది. గంటగంటకూ మూత్రం కొలిచి, అంత ద్రవం తిరిగి ఎక్కించి, ఆగిపోయిన ఆ హార్మోన్ వాసోప్రెసిన్‌ను మందుగా ఇచ్చి సరిచేస్తూ, వెచ్చటి దుప్పటి కప్పుతూ. చనిపోయిన మనిషికి ఇంత సేవ ఎందుకని కొత్తగా వచ్చిన పిల్లలు అడుగుతారు. ఆ మంచం మీద ఎక్కడో ఎదురుచూస్తున్న నలుగురైదుగురు ఉన్నారని చెబుతాను. గ్రీన్ ఛానెల్ గురించి పేపర్లో వస్తుంది, ఆ నర్సు గురించి రాదు. మార్పిడి బాగా జరిగిందంటే సగం పుణ్యం ఆ అమ్మాయిదే అని నా గట్టి నమ్మకం.

రెండోకిడ్నీ
శనివారం, సాయంత్రం 5:05

ఈ చర్చ చదువుతుంటే రాయకుండా ఉండలేకపోయాను. నాకు మొదటి కిడ్నీ మా అమ్మ ఇచ్చింది. పక్క పక్క థియేటర్లు. కుట్టగానే టేబుల్ మీదే మూత్రం వచ్చిందని సర్జన్ చెప్పారు. చాలా ఏళ్లు పనిచేసింది. అది అలసిపోయాక మళ్లీ డయాలసిస్, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు, ఎదురుచూపు. ఒక రాత్రి ఫోన్ వచ్చింది. ఆపరేషన్ అయింది, మూత్రం రాలేదు. మర్నాడు రాలేదు. మళ్లీ డయాలసిస్ మిషన్ దగ్గరికి తీసుకెళ్తుంటే నా భార్య వెక్కివెక్కి ఏడ్చింది. కిడ్నీ నిద్రపోతోంది, లేస్తుంది అన్నారు. మాకు అది ఓదార్పు మాటలా అనిపించింది.

తర్వాత నిజంగానే లేచింది. మొదట కొద్దికొద్దిగా, ఆ తర్వాత ధారగా. ఇప్పుడు కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4. కానీ ఆ కిడ్నీ ఎందుకు అంత ఆలస్యం చేసిందో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు.

రాత్రిడ్యూటీ
శనివారం, రాత్రి 10:12

దాన్ని డిలేయ్డ్ గ్రాఫ్ట్ ఫంక్షన్ అంటాం. మొదటి వారంలో డయాలసిస్ అవసరమైతే ఆ పేరు పెడతాం. మరణించిన దాత నుంచి వచ్చిన కిడ్నీల్లో ఇది బాగా చూస్తాం, బతికున్న దాత కిడ్నీలో అరుదు. మీ అమ్మగారి కిడ్నీకి రక్తం లేని సమయం అంతా కలిపి గంటో, కొంచెం అటూ ఇటూనో. రెండోదానికి దాత ఒంట్లో పడిన బీపీ దెబ్బ ఒకటి, ఆ పైన పెట్టెలో గడిపిన గంటలు.

కిడ్నీలో ముందుగా దెబ్బతినేది గొట్టాల గోడల్లోని కణాలు. లోపలి పొరలో ఉండే ఆ భాగానికి మామూలు రోజుల్లోనే ఆక్సిజన్ బొటాబొటిగా అందుతుంది, పనేమో అన్నింటికంటే ఎక్కువ. రక్తం ఆగితే ఆ కణాలు రాలిపోయి గొట్టాలు మూసుకుంటాయి. మంచి విషయం ఏంటంటే అవి మళ్లీ పుడతాయి. మిగిలిన కణాలు విభజన చెంది గోడను తిరిగి కప్పుతాయి. దానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. మీకు చెప్పిన నిద్ర అదే. గుండెకు ఆ శక్తి లేదు. చచ్చిన గుండె కండరం మళ్లీ పుట్టదు, కుట్టిన వెంటనే కొట్టుకోవాలి, దానికి బదులు నడిపే డయాలసిస్ లాంటి తేలికైన ఏర్పాటూ లేదు. నాలుగు గంటల పట్టుదల అందుకే.

లివర్_లిస్టు
ఆదివారం, ఉదయం 11:40

మా ఆయన పేరు లివర్ కోసం లిస్టులో ఉంది. ఒకసారి పిలిచారు. ఏమీ తినకుండా, పిల్లల్ని పక్కింట్లో వదిలి, అర్ధరాత్రి పరుగెత్తాం. తెల్లవారుజామున లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉందట, పెట్టడం లేదు, ఇంటికి వెళ్లండి అన్నారు. ఆయన దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఈ రోజుల్లో కొవ్వు లేని లివర్ ఎవరికుంది? మాకు అది ప్రాణం కదా, కొంచెం కొవ్వుంటే ఏమవుతుంది అనిపించింది.

రాత్రిడ్యూటీ
ఆదివారం, సాయంత్రం 6:33

అమ్మా, ఆ రాత్రి ఎంత కష్టమో ఊహించగలను. ఇలా వెనక్కి పంపడం మాకూ బాధే. కారణం చెబుతాను.

అవయవానికి దెబ్బ రెండుసార్లు తగులుతుంది. రక్తం ఆగినప్పుడు ఒకసారి, రక్తం తిరిగి వచ్చినప్పుడు ఇంకోసారి. రెండోది వినడానికి వింతగా ఉంటుంది. రక్తం లేనప్పుడు కణంలో హైపోజాంథిన్, సక్సినేట్ లాంటి రసాయనాలు పేరుకుంటాయి. క్లాంప్ తీయగానే ఆక్సిజన్ ఒక్కసారిగా వచ్చి పడుతుంది, వాటితో కలిసి ఫ్రీ రాడికల్స్ అనే, కణాన్ని దెబ్బతీసే అణువులు పుడతాయి. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పొరలకు రంధ్రాలు పడతాయి, తెల్ల రక్తకణాలు ఎగబడతాయి. దీన్ని రీపర్ఫ్యూజన్ గాయం అంటాం. యూడబ్ల్యూ ద్రావణంలో అల్లోప్యురినాల్ కలిపేది ఇందుకే. గౌట్ ఉన్నవాళ్లు వేసుకునే మాత్రలో ఉండే మందే అది.

కొవ్వు నిండిన లివర్ కణాలు ఉబ్బి పక్కనున్న సన్నటి రక్తమార్గాలను నొక్కుతాయి. చల్లబరిచేటప్పుడు ద్రావణం సరిగా పారదు, తిరిగి రక్తం ఇచ్చినప్పుడు అదీ పారదు. పెద్ద బిందువుల కొవ్వు ముప్పై శాతం దాటితే ప్రమాదం పెరుగుతుంది. మరీ ఎక్కువుంటే లివర్ అసలు పనే మొదలుపెట్టకపోవచ్చు. కిడ్నీ నిద్రపోతే డయాలసిస్ ఉంది. లివర్ మొదలవకపోతే కొన్ని రోజుల్లోనే ఇంకో లివర్ కావాలి, లేకపోతే ప్రాణం పోతుంది. ఆ రాత్రి వద్దన్న సర్జన్ మీ ఆయన్ని కాపాడటానికే వద్దన్నాడని నేను అనుకుంటున్నాను.

లివర్_లిస్టు
ఆదివారం, రాత్రి 8:15

ఇప్పుడు అర్థమైంది. ఆయనకు చదివి వినిపించాను, ఇద్దరం కాసేపు మాట్లాడుకున్నాం. మిషన్లు వచ్చాయంటున్నారు కదా, లివర్‌ను బయటే బతికించేవి. వాటితో ఇలాంటివి వాడుకోవచ్చా?

రాత్రిడ్యూటీ
ఆదివారం, రాత్రి 11:02

ఆశ అక్కడే ఉంది. ఐసులో పెట్టే బదులు వెచ్చటి రక్తాన్ని, ఆక్సిజన్‌ను పంపుతూ లివర్‌ను మిషన్ మీద నడపొచ్చు. పైత్యరసం వస్తోందా, లాక్టేట్ (మేడం చెప్పిన లాక్టిక్ ఆమ్లమే) తగ్గుతోందా అని చూసి, బాగుంటేనే పెట్టొచ్చు. 2018లో యూరప్‌లో చేసిన పెద్ద పరీక్షలో మిషన్ మీద పెట్టిన లివర్లకు గాయం సగానికి తగ్గింది, పారేయాల్సి వచ్చినవీ సగానికి తగ్గాయి. అదీ ఐసులో కంటే ఎక్కువసేపు దాచి.

ఇంకోటి చల్లటి మిషన్. గుండె ఆగాక తీసిన లివర్లలో పైత్యరసం మోసే పిత్తనాళాలు ముడుచుకుపోవడం పెద్ద బెడద. పిత్తనాళాలకు రక్తం ఒక్క హెపాటిక్ ధమని నుంచే వస్తుంది. లివర్‌కైతే రెండు దారులున్నాయి, వాటికి ఒక్కటే. నెదర్లాండ్స్ డాక్టర్లు 2021లో ప్రచురించిన పరీక్షలో, పెట్టే ముందు రెండు గంటలు ఆక్సిజన్ కలిపిన చల్లటి ద్రావణం పంపితే ఆ బెడద 18 శాతం నుంచి 6 శాతానికి దిగింది. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మార్పిడి చేయించుకునే వాళ్లకు కూడా ఇవి అందే రోజు కోసం మనం గట్టిగా అడగాలి.

ఉప్పల్‌వాలా
సోమవారం, ఉదయం 8:05

డాక్టర్ సాబ్, "గుండె ఆగాక తీసిన లివర్లు" అన్నరు. అంటే గుండె ఆగినంక కూడ తీస్తరా? మరి మా పెద్దబాపుది ఎందుకు కాదు?

రాత్రిడ్యూటీ
సోమవారం, మధ్యాహ్నం 3:18

మంచి ప్రశ్న. బ్రిటన్, నెదర్లాండ్స్, స్పెయిన్ లాంటి దేశాల్లో చాలా చేస్తారు. మన దగ్గర అరుదు. అక్కడ గుండె ఆగేది ఆసుపత్రిలో, అందరూ సిద్ధంగా ఉన్నప్పుడు. ఇక బతికే దారి లేదని తేలి, ఇంటివాళ్లు ఒప్పుకున్నాక, వెంటిలేటర్ తీస్తారు. గుండె ఆగాక సాధారణంగా అయిదు నిమిషాలు ఎవరూ ముట్టుకోరు. ఆ తర్వాత చకచకా చల్లటి ద్రావణం ఎక్కిస్తారు. వెచ్చగా రక్తం లేని సమయం నిమిషాల్లోనే ముగుస్తుంది. ఇంట్లో నిద్రలో గుండె ఎప్పుడు ఆగిందో కూడా ఎవరికీ తెలియదు. ఉప్పల్ నుంచి థియేటర్ దాకా చేరేసరికే గీత దాటిపోతుంది.

సమన్వయం
సోమవారం, రాత్రి 7:40

తమ్ముడూ, ఇంట్లో పోయినవాళ్లు చర్మం కూడా ఇవ్వొచ్చు. అదీ ఆరు గంటల లోపే. ఉస్మానియా ఆసుపత్రిలో స్కిన్ బ్యాంక్ ఉంది. కాలిన గాయాల వాళ్లకు వాడతారు. పైపొర పలచగా తీస్తారు, రక్తం కారదు, గ్లిజరాల్‌లో దాస్తారు. చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. మీ అన్న ఏడుస్తూ కూడా ఫోన్లు చేశాడు చూడండి, అంత తెగువ అందరికీ ఉండదు. ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉంటేనే ఇది సాధ్యం. కార్డు ఉన్నా ఇంటివాళ్ల సంతకం లేనిదే ఎవరూ ముందుకు వెళ్లరు.

ఉప్పల్‌వాలా
సోమవారం, రాత్రి 9:26

పెద్దమ్మకు అన్ని వివరంగ చెప్పిన. కళ్లల్ల రక్తం ఉండదు గాబట్టి ఆగినయి అంటే, కాసేపు ఊకుండి, తన పేరు కూడ రాయమన్నది. అయితే ఆమెకు షుగర్ ఉన్నది, రెండు కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయ్యింది. వయసు డెబ్భై మూడు. ఆమెవి తీసుకుంటరా?

సమన్వయం
సోమవారం, రాత్రి 10:10

తీసుకుంటారు. షుగర్, బీపీ, కళ్లజోడు, శుక్లాల ఆపరేషన్, వయసు, ఇవేవీ అడ్డం కాదు. శుక్లం లెన్స్‌కు వస్తుంది, కార్నియా దాని ముందు ఉంటుంది. ఒకవేళ చూపు కోసం పనికిరాకపోయినా పరిశోధనకో, శిక్షణకో వాడతారు. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, రేబిస్, రక్త క్యాన్సర్, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం మార్పిడికి తీసుకోరు.

ఆ సమయం వచ్చినప్పుడు ఇంట్లో చేయాల్సింది ఇంతే. కళ్లు మూసి, రెప్పల మీద తడి దూది పెట్టండి. ఫ్యాన్ ఆపేయండి, గాలికి కార్నియా ఎండిపోతుంది. ఏసీ ఉంటే వేయొచ్చు. తల కింద దిండు పెట్టి కొంచెం ఎత్తులో ఉంచండి. వెంటనే ఐ బ్యాంకుకు ఫోన్ చేయండి. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వారి రామాయమ్మ ఐ బ్యాంకు 1989 నుంచి మన హైదరాబాద్‌లోనే ఉంది. డెత్ సర్టిఫికెట్ కోసం తెలిసిన డాక్టర్ని పిలిపించి ఉంచితే వాళ్లు వచ్చాక ఆలస్యం కాదు. తీయడానికి ఇరవై నిమిషాలు చాలు, ముఖంలో తేడా తెలియదు, అంత్యక్రియలు ఆగవు.